పుస్తకం మూసి అడగండి

మార్చి నెల దగ్గరపడితే చాలు, మన ఊళ్లలో ఒక మాట తరచుగా వినబడుతుంది. "ఎంత చదివినా వీడికి గుర్తుండదండీ, వీడి బుర్ర ఇంతే" అని తల్లిదండ్రులు వాపోతారు. పదిసార్లు ఆ మాట విన్న పిల్లవాడు అదే నిజమని నమ్ముతాడు. పదవ తరగతిలో ఒక్క సబ్జెక్టు పోయిందంటే మగపిల్లవాణ్ణి పనిలో పెట్టడం, ఆడపిల్లకు సంబంధాలు చూడడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో జరుగుతున్నదే. అందుకే జ్ఞాపకశక్తి గురించి విద్యార్థులే గాక ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

అక్షరం రాని మన తల్లులను గమనించండి. ఏ రైతు చేలో ఎన్ని రోజులు కూలికి వెళ్లారో, ఎవరి దగ్గర ఎంత రావాలో నెల తర్వాత అడిగినా తడుముకోకుండా చెబుతారు. పొరుగింటి పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో ఏళ్ల తరబడి మరచిపోరు! బుర్ర లేదనిపించుకొన్న ఆ పిల్లవాడే క్రికెట్ ఆటగాళ్ల పరుగులు గడగడా అప్పగిస్తాడు. శ్రద్ధ పెట్టినది, అర్థమైనది, పలుమార్లు నోటికి తెచ్చుకొన్నది నిలుస్తుంది. మిగిలినది జారిపోతుంది.

ఎంత త్వరగా జారిపోతుందో జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే పరీక్షించి చూశాడు. అర్థంలేని శబ్దాలను వరుసలుగా పేర్చి కంఠస్థం చేయడం, కొంతకాలం ఆగి అదే వరుసను తిరిగి నేర్చుకోవడం, ఈసారి ఎంత శ్రమ తగ్గిందో లెక్కించడం, ఇదీ ఆయన పని. 1885లో ఆ ఫలితాలు ప్రచురించాడు. గంట గడిచేసరికే మొదట పడిన శ్రమలో సగానికి పైగా వృథా అయింది. ఒక రోజుకు మూడోవంతు ఫలితమే మిగిలింది. నెల తర్వాత చూస్తే మాత్రం ఇంకా అయిదోవంతు నిలిచే ఉంది. అంటే మరుపు మొదటి రోజునే ఎక్కువగా దెబ్బ తీస్తుంది. బడిలో విన్న పాఠాన్ని ఆ సాయంత్రమే ఒకసారి నెమరువేయమనడం అందుకే.

ఆయనే మరొకటి కనిపెట్టాడు. ఒక వరుసను ఒకేరోజు 68 సార్లు వల్లిస్తే ఎంత ఫలితం వచ్చిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లించినా దాదాపు అంతే వచ్చింది. పొలానికి నెల నీళ్లన్నీ ఒకేరోజు పెడితే పైరు తాగుతుందా? పరీక్ష ముందురోజు రాత్రంతా కూర్చోవడం అటువంటిదే.

ఇక అన్నిటికంటె ముఖ్యమని మాకు తోచిన సంగతి. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడతే చదివి, మిగిలిన మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదువుతూ కూర్చున్నవారే మెరుగు. వారం తర్వాత పరీక్షిస్తే తారుమారైంది. వారికి 40 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవారికి 61 శాతం గుర్తుంది. చదివినకొద్దీ "నాకు వచ్చేసింది" అనిపిస్తుంది గాని, పుస్తకం మూస్తేనే వచ్చిందో రాలేదో తెలిసేది. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది.

మన సండే స్కూలు టీచర్లు ఈ పని ఎప్పటినుండో చేస్తున్నారు. నల్లబల్ల మీద కంఠత వాక్యం రాసి, ఒక్కొక్క మాటే చెరిపివేస్తూ పిల్లలచేత పూర్తి వాక్యం చెప్పిస్తారు. చివరకు బల్ల ఖాళీ, వాక్యం నోట్లో! వచ్చే ఆదివారం కొత్త వాక్యానికి ముందు పాతది అడుగుతారు. ఇదే పద్ధతి సోమవారం నాడు సైన్సు పుస్తకానికి ఎందుకు పనికిరాదు?

ఇక్కడే చదువురాని తల్లిదండ్రుల సహాయం ఎంతో ఉంది. "మాకేం తెలుసు, టీచరు చూసుకొంటారు" అనకండి. అన్నం తినేటప్పుడు "ఈరోజు ఏం చెప్పారమ్మా, పుస్తకం చూడకుండా నాకు చెప్పు" అని అడగండి. కిరణజన్య సంయోగక్రియ అంటుంది అమ్మాయి. "అంటే ఏమిటే?" అని అడగండి. ఆకులోని పత్రహరితం సూర్యకాంతితో నీటినీ గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ కలిపి ఆహారం తయారుచేస్తుందని చెప్పాలి. "అయితే గట్టు మీది చింతచెట్టు నీడన పైరు పలచబడేది ఇందుకేనా?" అని మీరంటే, ఆ పాఠం ఆ పిల్లకు ఇక పరీక్ష కోసం మాత్రమే కాదు. ఎక్కడ తడబడిందో అది మీకు తెలియకపోయినా ఆమెకు తెలుస్తుంది. వెంటనే పుస్తకం తెరిచి ఆ ఒక్క చోటే చూసుకొంటుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలచేత కూడా ముందు తెలుగులోనే చెప్పించండి. అర్థం తెలియకుండా బట్టీపట్టిన జవాబులో మధ్యన ఒక్క మాట మరచిపోతే వెనుకనున్నదంతా కూలిపోతుంది. తప్పు చెప్పినప్పుడు మాత్రం కసరవద్దు. తిట్లు తిన్న పిల్ల రేపు నోరు విప్పదు.

పరీక్షల ముందు జ్ఞాపకశక్తి టానిక్కులని అమ్మేవారు ఊరూరా తిరుగుతారు. ఆ డబ్బు గుడ్లకూ పాలకూ పెట్టమంటాము. పిల్ల ఎప్పుడూ నీరసంగా, పాలిపోయి ఉంటే రక్తహీనత ఉందేమో ఆసుపత్రిలో చూపించండి. రక్తం తక్కువైతే శ్రద్ధ నిలవడం కష్టం.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులను పరీక్షించగా, నేర్చుకొన్న తర్వాత మెలకువగా గడిపినప్పటికంటె నిద్రపోయి లేచినప్పుడే వారికి ఎక్కువ గుర్తున్నది. పగలు నేర్చినదాన్ని మెదడు నిద్రలో పదిలపరుస్తుందని తర్వాతి పరిశోధనలూ చెబుతున్నాయి. నాలుగింటికే లేపి చదివించే అలవాటున్న ఇళ్లలో రాత్రి తొమ్మిదింటికే టీవీ కట్టేసి, సెల్‌ఫోను పెద్దల దగ్గర ఉంచుకొని, పిల్లలను పడుకోనివ్వండి. లేవగానే కొత్త పాఠం తెరవనక్కరలేదు. రాత్రి చదివిన దానిలోంచే నాలుగు ప్రశ్నలు, పొయ్యి దగ్గర టీ కాగేలోగా అడగవచ్చు.