చలికి ఆగలేదు, అయినా ఉత్తరానికే నడిచింది

టెక్సస్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు కొందరికి ఒక బెడద తెలుసు. సాయంత్రం నున్నగా ఉన్న పచ్చిక తెల్లారేసరికి గుంటలమయం. ఒక్కో గుంట రెండు మూడు అంగుళాల లోతున, గరాటులా కిందికి సన్నబడి ఉంటుంది. అది ఒంటినిండా కవచం ఉండే ఆర్మడిల్లో అనే జంతువు పని. దాని చూపు అంతంతమాత్రం. ముక్కు మాత్రం మట్టి అడుగున ఉన్న వేరుపురుగును కూడా పసిగడుతుంది. ముట్టెతో, గోళ్లతో మట్టి పెకలించి, జిగురు నాలుకతో పురుగును లాక్కుని, రెండడుగులు వేసి మళ్లీ మొదలుపెడుతుంది.

కవచం చూసి దీన్ని మన నల్లమల అలుగుకు చుట్టమనుకుంటారు. కాదు. అలుగు పొలుసులు మన గోళ్లలో ఉండే పదార్థంతోనే తయారవుతాయి. ఆర్మడిల్లోవి చర్మంలోనే పెరిగిన ఎముక పలకలు. 20 దాకా ఉన్న ఆర్మడిల్లో జాతులన్నీ మధ్య, దక్షిణ అమెరికాలవే. అమెరికా సంయుక్త రాష్ట్రాల దాకా వచ్చింది ఒక్క తొమ్మిది పట్టీల రకమే.

1850 ప్రాంతంలో అది మెక్సికో నుంచి రియో గ్రాండ్ నది దాటి దక్షిణ టెక్సస్‌లో అడుగుపెట్టింది. ఇప్పుడు నెబ్రాస్కా, ఇల్లినాయ్, ఇండియానాల్లోనూ కనిపిస్తోంది. మరి నదులు అడ్డం రాలేదా? చిన్న వాగైతే ఊపిరి బిగబట్టి అడుగునే నడిచిపోతుంది. కవచం బరువు ఎలాగూ ముంచుతుంది. వెడల్పాటి నదైతే గాలి మింగి, పొట్టనూ పేగులనూ ఉబ్బించుకుని తేలుతూ ఈదుతుంది.

అసలు అడ్డంకి చలి. ఒంటిమీద వెంట్రుకలు పలచన, కొవ్వు తక్కువ, శీతాకాలమంతా నిద్రపోయే అలవాటు లేదు. నేల రోజుల తరబడి గడ్డకట్టిందంటే పురుగు దొరక్క ఆకలితో చస్తుంది. 1996లో టాల్మన్, రాబిన్స్ అనే శాస్త్రజ్ఞులు దాని హద్దును లెక్కగట్టారు: జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీలకు తగ్గకూడదు, ఏడాదికి కనీసం 380 మిల్లీమీటర్ల వాన పడాలి. ఆ చలి గీతను కూడా అది దాటేసింది. చలికాలాల తీవ్రత తగ్గడం, దాన్ని వేటాడే పెద్ద జంతువులు పలచబడటం కలిసొచ్చాయి. దానికి తోడు సంతానం. ఒకే అండం నుంచి ఒక్కో ఈతలో నాలుగు పిల్లలు పుడతాయి. నాలుగూ ఆడవైనా కావాలి, మగవైనా కావాలి.

దీన్ని చొరబాటుదారు అనడం నాకు నచ్చదు. మంచుయుగంలో దీని దగ్గరి బంధువు, ఇంతకన్నా పెద్దది, ఇదే నేల మీద తిరిగింది. దాని ఎముకలు ఫ్లోరిడాలోనూ మిస్సౌరీలోనూ దొరికాయి. పొరుగున ఉండే ఒపోసం మాత్రం ఎక్కడిది? కడుపు సంచిలో పిల్లల్ని సాకే ఆ జంతువుదీ దక్షిణ అమెరికా వంశమే. అది కెనడా దాకా పాకింది. అక్కడ చలికి చెవుల అంచులు, తోక కొస చచ్చుబడి రాలిపోయినా బతికేస్తోంది. ఆర్మడిల్లో వదిలేసిన బొరియల్లో చేరే జంతువుల్లో అదీ ఒకటి. కుందేళ్లు, స్కంకులు కూడా చేరతాయి. పాడైన పచ్చిక కంటే ఈ ఉచిత ఇళ్ల విలువే ఎక్కువని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. దాని ఒంటి వేడి మనకన్నా తక్కువ, 33 నుంచి 35 డిగ్రీలు. కుష్ఠు క్రిమికి ఆ చల్లదనమే అనుకూలం. మనుషుల నుంచే వాటికి సోకిన ఆ క్రిమి, దక్షిణ రాష్ట్రాల్లో మళ్లీ మనుషులకు చేరుతోందని 2011లో జన్యు పరీక్షలు చూపించాయి. చాలామందికి సహజంగానే ఆ క్రిమిని తట్టుకునే శక్తి ఉంది, సోకినా మందులతో నయమవుతుంది. అయినా చేత్తో పట్టుకోకండి.

రాత్రివేళ రోడ్డు మీద అది ఎదురైతే చక్రాల మధ్య నుంచి పోనిచ్చి తప్పించవచ్చని అనుకోవద్దు. బెదిరితే నిలువునా 3, 4 అడుగులు ఎగురుతుంది, బండి అడుగుకు తగిలి చస్తుంది. వేగం తగ్గించి దాన్ని దాటనివ్వండి.