తీగ జారితే

పేస్‌మేకర్ వేస్తామని డాక్టరు చెప్పగానే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందని. దాన్ని గుండెకు కలిపే వైరు గురించి కూడా అడగాలి. ఈ యంత్రం మొదటినుంచీ ఎక్కువగా ఇబ్బంది పెట్టింది అక్కడే.

1958 అక్టోబరు 8న స్వీడన్‌లో సర్జన్ ఆకే సెన్నింగ్, ఇంజినీరు రూనే ఎల్మ్‌క్విస్ట్ కలిసి ఆర్నే లార్సన్ అనే రోగి ఒంట్లో తొలి పేస్‌మేకర్ అమర్చారు. అది కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం ఒకదాని తర్వాత ఒకటి మార్పించుకుంటూ 2001 దాకా బతికాడు. అప్పట్లో ఛాతీ తెరిచి వైర్లను గుండె పైపొరకు కుట్టేవారు. కొట్టుకునే గుండె వాటిని వంచీ వంచీ తెంపేసేది. అదే ఏడాది న్యూయార్క్‌లో సేమూర్ ఫర్మన్ రక్తనాళం గుండా వైరును గుండె లోపలికే పంపాడు. కోత తప్పింది కానీ కొత్త చిక్కు మొదలైంది. రోజుకు లక్షసార్లు కొట్టుకునే గుండెలో వైరు కొసను పట్టి ఉంచేదేమీ లేదు!

1970లలో కొసకు మెత్తటి కొక్కేలు పెట్టారు. ఉత్తరేణి గింజలు పంచెకు పట్టుకున్నట్టు అవి గుండె లోపలి కండపోగుల్లో చిక్కుకుంటాయి. కండలోకి తిరిగే స్క్రూ రకమూ వచ్చింది. కొన్ని వారాల్లో చుట్టూ కొత్త కణజాలం పెరిగి కొసను బిగిస్తుంది. ఈలోగా జారే ప్రమాదం ఎక్కువ. అందుకే అటక మీది డబ్బా అందుకోవద్దని, పేస్‌మేకర్ ఉన్న వైపు చెయ్యి భుజం దాటి ఎత్తొద్దని చెబుతారు.

జారితే ఈసీజీ పట్టేస్తుంది. మామూలుగా సన్నని నిలువు గీత, దాని వెంటే గుండె స్పందన కనబడాలి. జారినప్పుడు గీత ఒక్కటే ఉంటుంది, వెనక ఏమీ ఉండదు. రోగికి కళ్లు తిరుగుతాయి, స్పృహ తప్పవచ్చు. కొస ఉదరవితానం దగ్గర పడితే ఆగని ఎక్కిళ్లు వస్తాయి. కొందరు చర్మం కింది పేస్‌మేకర్ డబ్బాను తెలియకుండానే చేత్తో తిప్పుతూ వైరును చుట్టేసి లాగేస్తారు. వైద్యులు దీన్ని 1968లోనే నమోదు చేశారు.

వైరే లేని, గుండెలోనే ఇమిడిపోయే గొట్టంలాంటి పేస్‌మేకర్‌కు అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. అది అందరికీ సరిపడదు. వెంగళరావు నగర్‌లో మన పెద్దవాళ్లకు వైరున్న పేస్‌మేకరే ఉండి కొత్తగా కళ్లు తిరిగితే, పైత్యమని నిమ్మరసం ఇచ్చి పడుకోబెట్టకండి. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి దగ్గరే. వెంటనే తీసుకెళ్లి ఈసీజీ, ఎక్స్‌రే తీయించండి. జారిన వైరును చాలాసార్లు మళ్లీ సరైన చోట పెట్టగలరు.