ఆవులు, ఎద్దులకు వచ్చు ముద్దచర్మవ్యాధి

పశువు మేనిపై రూపాయి బిళ్లలంత గట్టి బొబ్బలు పుట్టించు ముద్దచర్మవ్యాధిని మన రైతులు ‘లంపీ’ అని పిలుచుచున్నారు. 1929లో ఆఫ్రికాలోని జాంబియాలో తొలుత కనబడిన ఈ జబ్బు 2019లో ఒడిషాలో బయటపడి, 2020లో తెలంగాణ పల్లెలను తాకినది. దీనికి మూలమైన వైరస్ గొర్రెల మశూచి వైరస్‌కు దగ్గరి చుట్టము. గేదెలకు అరుదుగా సోకును. మనుష్యులకు అంటదు, పాలు బాగుగా కాచి త్రాగవచ్చును.

మొదట 104 నుండి 106 డిగ్రీల జ్వరము వచ్చి, కండ్లు, ముక్కు కారును. పిదప బొబ్బలు లేచును. కొన్నింటికి కాళ్లు, గంగడోలు వాచును. పాలు తగ్గును, చూడి పశువులు ఈసుకుపోవచ్చును. చావులు సాధారణముగా తక్కువే. కాని నాట్ల అదనులో ఎద్దు కుంటుపడినచో చిన్నరైతు ఏమి చేయగలడు?

ఈ జబ్బును ముఖ్యముగా మోయునవి జోరీగలు, దోమలు, పిడుదులు. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో సాగరు ఎడమకాలువ క్రింద, సూర్యాపేట వైపు మూసీ ఆయకట్టులో నీటికి, వరిగడ్డికి కొదువ లేదు. తడిసిన గడ్డి పేడతో కలిసి కుళ్లిన చోటనే కరచు ఈగలు గ్రుడ్లు పెట్టును. కావున కొట్టము ప్రక్కన పెంటకుప్ప ఉంచి, సాయంత్రము వేపాకు పొగ వేసినంత మాత్రమున చాలదు. కుప్పను దూరమునకు తరలించి, మురుగు పోవునట్లు కాలువ తీయవలెను.

‘అమ్మవారు పోసినది, సూది వేయించరాదు’ అనుట కొన్నిచోట్ల వినబడుచున్నది. ఈ మాట నమ్మి జాగుచేయరాదు. జబ్బు రాకముందే, నాలుగు నెలలు దాటిన ఆరోగ్యమైన పశువులకు మేకల మశూచి టీకా ఏటేటా వేయించవలెను. టీకా బలము పూర్తిగా వచ్చుటకు సుమారు మూడు వారములు పట్టును. అంతవరకు ఈగల నుండి కాపాడవలెను. ప్రతి పశువునకు వేరు సూది వాడుమని అడుగుడు.

ఈ వైరస్‌ను చంపు మందు లేదు. పుండ్లు చీము పట్టకుండ వైద్యుడు మందులిచ్చును. ఇంటివారు పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటితో పుండ్లు కడిగి, పసుపు కలిపిన వేపనూనె పూయవచ్చును. మెత్తని పచ్చిమేత, చల్లని నీరు దగ్గర ఉంచవలెను.

రోగపు పశువును వెంటనే విడిగా కట్టుడు. రాలిన పక్కులలో వైరస్ నెలకు పైగా బ్రతుకును. అందుచే పుండ్లు పూర్తిగా మానువరకు మందలో కలుపరాదు. నష్టము తప్పించుకొనుటకు దానిని సంతకు తోలుట పొరుగు ఊరికి జబ్బును అమ్ముటయే. క్రొత్తగా కొన్న పశువును 28 దినములు వేరుగా ఉంచవలెను. చనిపోయినదానిని లోతుగా పూడ్చి సున్నము చల్లవలెను. ఒక పశువుకు బొబ్బలు కనబడినను పశువైద్యశాలకు, లేదా 1962 నంబరుకు నాడే తెలుపవలెను.