గాలానికి ఎగిరిపడే కొర్రమీను: మీకు తెలుసా?

కొర్రమీను నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోగలదు. మొప్పలున్నా దానికవి చాలవు. తలలో మొప్పల పైభాగాన గాలి పట్టే ఒక అర ఉంటుంది. దాన్ని నింపుకోవడానికి మాటిమాటికి నీటిపైకి రావాలి. వలలో చిక్కి పైకి రాలేకపోతే అంతే సంగతులు.

చిత్తూరు, తిరుపతి సీమలో దాన్ని బతికిస్తున్నదీ ఆ గుణమే. మన ఏర్లు ఏడాది పొడుగునా పారేవి కావు. స్వర్ణముఖి, బాహుదా, పలమనేరు దగ్గరి కౌండిన్య అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు పొంగుతాయి, ఎండాకాలానికి ఇసుక తేలతాయి. మిగిలిన మడుగుల్లో నీళ్లు వేడెక్కి ప్రాణవాయువు తగ్గితే బొచ్చె, శీలావతి చచ్చి తేలతాయి. కొర్రమీను మాత్రం తడి బురదలో ఒదిగి మళ్లీ వాన పడేదాకా బతికుంటుంది. 2016లో తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది దీన్నే.

గాలం వేట మాటకొస్తే, అమెరికా నదుల్లో గాలం వేసేవాళ్లకు స్మాల్‌మౌత్ బాస్ అనే చేపంటే ప్రాణం. 1955లో డేల్ హాలో జలాశయంలో పట్టిన ఒక బాస్ సుమారు 5.4 కిలోలు తూగింది. ఆ జాతిలో బరువు రికార్డు ఇప్పటికీ దానిదే. ఆ చేపను ఫ్లై ఫిషింగ్ పద్ధతిలో పట్టడం చూడముచ్చటగా ఉంటుంది. మామూలు గాలంలో ఎర బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇందులో దారమే బరువు. ఈకలతో, నూలుతో పురుగులా కట్టిన ఎరకు బరువే ఉండదు, దారం విసురుకు అది వెళ్లి నీటిమీద వాలుతుంది. ఇది కొత్త విద్య కాదు. మాసిడోనియా జాలరులు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు కట్టి చేపల్ని పట్టేవారని సుమారు 1,800 ఏళ్ల కిందట ఈలియన్ అనే రోమన్ రచయిత రాశాడు.

మన దగ్గరా పాత రాతలున్నాయి. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన మానసోల్లాసంలో చేపల వేటకు ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. ఏ చేపకు ఏ మేత వేయాలో, దారం ఎలా ఉండాలో ఒక రాజు కూర్చుని రాశాడంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. తరువాత మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలం వేట మీద, 1887లో ప్రత్యేకంగా చెరువుల్లో గాలం వేట మీద పుస్తకాలు తెచ్చాడు.

బాస్ మన నీళ్లలో లేదు. దానిలాగే నీటిపైన ఆడే ఎరమీదికి విరుచుకుపడేది కొర్రమీనే. బెండు కట్టి వానపాము గుచ్చిన గాలానికి పరిగెలు, జెల్లలు పడతాయి. కొర్రమీనుకు మాత్రం కప్పను తామరాకుల మీదుగా గెంతించాలి. ఇప్పుడు రబ్బరు కప్పలు దొరుకుతున్నాయి, బతికున్న కప్పను గుచ్చే పనిలేదు.

ఇక అసలు సంగతి. వానాకాలంలో చెరువు అంచున ఎర్రగా, కుతకుతమంటూ కదిలే చిన్న గుంపు కనిపిస్తే అవి కొర్రమీను పిల్లలు. వాటి కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. కొన్ని వారాలపాటు పిల్లల్ని వదిలిపోవు. దగ్గరికి ఏది వచ్చినా కొడతాయి కాబట్టి అప్పుడు వాటిని పట్టడం చాలా తేలిక. పట్టేస్తే మాత్రం ఆ పిల్లల్ని తక్కిన చేపలు మింగేస్తాయి. బాస్‌లోనూ మగచేప గులకరాళ్లలో గూడు చేసి గుడ్లనూ పిల్లల్నీ కాస్తుంది. అందుకే అమెరికా, కెనడాల్లో కొన్నిచోట్ల ఆ కాలంలో వేటకు ఆంక్షలుంటాయి. పెద్దచేపల నుంచి కాపాడమని సత్యవ్రతుడనే రాజును వేడుకున్న చిన్న చేప కథ మనకు తెలిసిందే. ఆ చేపే మత్స్యావతారం, ఆ అవతారానికి మన నాగలాపురంలో వేదనారాయణస్వామి గుడి ఉంది. ఎర్రగుంపు కనిపించిన చోట మనమే గాలం తీసేసి పక్క మడుగు చూసుకుందాం.

ఇంకొక ముచ్చట. కొర్రమీనుకు దాయాది అయిన చైనా జాతి చేప 2002లో మేరీలాండ్‌లోని ఒక చెరువులో బయటపడి అమెరికాను కంగారుపెట్టింది. 2004 నుంచి పొటోమాక్ నదిలోనూ దొరుకుతోంది. గాలి పీల్చడం, పిల్లల్ని కాయడం అనే ఆ రెండు గుణాలూ తోడవడంతో దాన్ని ఆ నది నుంచి తీసేయడం ఎవరివల్లా కావడంలేదు. బతికున్నదాన్ని తీసుకుపోవడం మేరీలాండ్, వర్జీనియాల్లో నేరం. ఆ రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లు అదే నది ఎగువన స్మాల్‌మౌత్ బాస్‌కు, దిగువన ఈ దాయాదికి గాలం వేయొచ్చు.