జొన్నరొట్టె పక్కన పప్పెందుకు?

తిన్నది ఒంటికి పట్టాలంటారు పెద్దలు. పట్టడమంటే ఏమిటి? మనం తిన్న మాంసకృత్తులు ఉన్నవి ఉన్నట్లుగా రక్తంలో కలవవు. జీర్ణాశయంలో పెప్సిన్, చిన్నప్రేవుల్లో ట్రిప్సిన్ వంటి ఎంజైములు వాటిని విడగొట్టగా చివరికి అమైనో ఆమ్లాలు మిగులుతాయి. అవే రక్తంలోకి చేరి కండగా, మళ్లీ ఎంజైములుగా మారతాయి. మన దేహానికి కావలసిన 20 అమైనో ఆమ్లాల్లో 9 మనం తయారు చేసుకోలేం, తిండిలోంచే రావాలి. అందులో ఒక్కటి చాలకపోయినా పని కుంటుపడుతుంది. ఎరువు ఎంత వేసినా నీళ్లు చాలని పైరు ఎదగదు కదా!

దీనికి మన తెలంగాణలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకప్పుడు జొన్న గటక, జొన్నరొట్టె మీదే బతికిన పేద కూలీల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చేతులు, కాళ్లు, మెడ నల్లబడి పొలుసులు లేచేవి. నోరు పూసేది, విరేచనాలు పట్టేవి. ముదిరితే మతి చలించేది. నియాసిన్ అనే బి-విటమిన్ లోపం వల్ల ఇది వస్తుంది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా శరీరం నియాసిన్ చేసుకోగలదు; సుమారు 60 మిల్లీగ్రాముల నుంచి 1 మిల్లీగ్రాము. మక్కల్లో ట్రిప్టోఫాన్ తక్కువ, కనుక మక్కలు తినేవారికి ఈ జబ్బు రావడంలో వింత లేదు. జొన్నల్లో అంత తక్కువేమీ కాదు. మరి జొన్న తినేవారికెందుకు వచ్చినట్లు?

1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో (1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ) డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ఒక సమాధానం చెప్పారు. జొన్నల్లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉంది. ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారికి అది అడ్డుపడుతుందన్నారు. తర్వాతి పరిశోధనల ఫలితాలు అన్నీ ఒకే తీరుగా రాలేదు. ల్యూసిన్ ఒక్కదాన్నే దోషి అనలేం. కంచంలో జొన్న తప్ప మరొకటి లేకపోవడం మాత్రం కాదనలేని కారణం.

అలాగని జొన్నను తిట్టిపోయనక్కర్లేదు. జొన్నల్లో లైసిన్ తక్కువ, కందిపప్పులో ఎక్కువ. పప్పులో తక్కువైన మెథియోనిన్ లోటును జొన్న తీరుస్తుంది. పల్లీల్లో నియాసిన్ దండిగా ఉంటుంది. మా రైతులు జొన్నచేలో కంది సాళ్లు వేసేది నేల కోసమే అయినా, ఆ పొత్తు కడుపుకూ మంచిదే.

జొన్నరొట్టె ఇప్పుడు షుగరు ఉన్నవాళ్ల పథ్యంగా పట్నాల్లో మళ్లీ గౌరవం పొందింది. సంతోషమే. కంది పండించే కూలీ కంచంలోకి ఆ పప్పు రోజూ వస్తున్నదా? సైన్సు చదువుతున్న మనం ముందు అడగవలసింది ఇది.