కంటిలో యంత్రము

అంధునికి చూపు వచ్చినదన్న వార్త విన్నప్పుడు మనకు లోకమంతయు అతనికి తేటగా కనబడినట్లు తోచును. అమెరికాలో తయారైన ఆర్గస్ 2 అను సాధనమును పరిశీలించినచో ఆ మాటకు అర్థము వేరని తెలియును.

రెటినైటిస్ పిగ్మెంటోసా అను వంశపారంపర్య వ్యాధి తరచు రేచీకటితో ఆరంభమగును. (విటమిన్ ఏ లోపముచే వచ్చు రేచీకటి వేరు, అది చికిత్సతో కుదురును.) ఈ వ్యాధిలో కంటి వెనుక గోడయైన నేత్రపటలమున వెలుగును గ్రహించు కణములు క్రమముగా నశించును. అయినను మెదడునకు వార్త నందించు నాడీకణములు కొన్ని సజీవముగనే యుండును. సాధనమునకు ఆధారము అవియే.

రోగి ధరించు కళ్ళజోడులో చిన్న కెమేరా యుండును. అది తీసిన చిత్రము నడుమునకు తగిలించుకొన్న పెట్టెలో సంకేతములుగా మారి, తీగ లేకయే, మన రేడియోకు ప్రసారము చేరునట్లు, కంటిలోని గ్రాహకమునకు చేరును. అచ్చటినుండి నేత్రపటలముపై అమర్చిన 60 ఎలక్ట్రోడులు నాడీకణములను విద్యుత్తుతో మేల్కొల్పును. సహజమైన కంటిలో వెలుగును గ్రహించు కణములు దాదాపు 10 కోట్లు! కనుక రోగికి కనబడునది మనుమని ముఖము కాదు, మిణుకుమను వెలుగుచుక్కలు. అభ్యాసముతో వాటినిబట్టి ద్వారబంధమును, కిటికీని పోల్చుకొనవచ్చును. కొందరు చాల పెద్ద అక్షరములను గుర్తించిరి. కటికచీకటిలో నున్నవారికి అదియును స్వల్పము కాదని మా అభిప్రాయము.

2011లో యూరపునందు, 2013లో అమెరికాయందు అనుమతి లభించినది. సుమారు 350 మంది దీనిని అమర్చుకొనిరి. అమెరికాలో అప్పటి వెల దాదాపు 1,50,000 డాలర్లుగా నుండెను.

కాని 2019లో నిర్మాతలైన సెకండ్ సైట్ సంస్థవారు తయారీ నిలిపివేసిరి. 2020లో ఉద్యోగులలో అత్యధికులను తొలగించిరి. మన యింటి రేడియో చెడినచో ఏదో ఒక అంగడిలో బాగుచేయించుకొందుము. కంటిలోని యంత్రమునకు అట్టి అంగడి యేది? పెట్టె పాడైనవారికి మరియొకటి దొరకుట కష్టమైనది. ఎం.ఆర్.ఐ. పరీక్ష కావలసివచ్చిన ఒక రోగికి తన కంటిలోని సాధనమును గూర్చి చెప్పువారు కరవైరి. యంత్రము మూగవోయినచో రోగి రెండవమారు చూపు కోల్పోవును.

ప్రయత్నములు ఆగలేదు. వార్ధక్యమున నేత్రపటల మధ్యభాగము క్షీణించినవారికై ప్రిమా అను సాధనము వచ్చినది. దాని వెడల్పు 2 మిల్లీమీటర్లు. అందు 378 బిందువులు గలవు. 2025లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఏడాది తరువాత పరీక్షించిన 32 మందిలో 26 మంది అక్షరముల పట్టికను మునుపటికంటె బాగుగా చదివిరి. దీనిని రూపొందించిన ఫ్రాన్సు సంస్థ పిక్సియం విజన్ కూడ అప్పులపాలు కాగా, 2024లో ఈ సాధనము అమెరికాకు చెందిన సైన్స్ కార్పొరేషన్ చేతికి మారినది.