వేసవిపానీయములు: చేదు, తీపి

రోహిణీకార్తె యెండలకు మన బందరు, గుడివాడ ప్రాంతములందును, దివిసీమయందును ఉదయము చిలికిన మజ్జిగ మధ్యాహ్నమునకే పులిసిపోవుట మీ రెరుగనిది కాదు. ఎండకాలమున పానీయమును చెడకుండ నిలుపు చిక్కు మనకే గాక యాంగ్లేయులకును కలిగినది.

వారు 1611 లో బందరున వర్తకస్థానము నెలకొల్పిరి. పదునెనిమిదవ శతాబ్ది చివరిభాగమున లండను చెంతనున్న బౌ అను చోట హాడ్జ్‌సన్ వంశమువారు కాచిన ‘పేల్ ఏల్’ అను లేతరంగు బీరు హిందూదేశపు రేవులకు వచ్చుచుండెను. 1822 ప్రాంతమున బర్టను పట్టణపు ఆల్‌సప్ కూడ నీ వర్తకమున దిగెను. ఓడ ఆఫ్రికాఖండమును చుట్టి వచ్చుటకు నెలలు పట్టెడిది. త్రోవలో బీరు పులిసిపోకుండుటకై ‘హాప్’ అను తీగపూవులను మిక్కుటముగా వేసెడివారు. ఆ పూవులలోని చేదు పులుపును పుట్టించు సూక్ష్మజీవులను అణచును. రక్షణకై వేసిన చేదునకే క్రమముగా నాలుక మరిగెను! మండుటెండలో చల్లని చేదు దప్పిని తీర్చునని దానిని సేవించువా రందురు. కాకరకాయకూర నిష్టపడు మనకు ఈ మాట వింత గాదు. మే మా బీరును రుచి చూడలేదు. చూచు తలంపును లేదు.

మన తీరమున తాడిచెట్టున్నది. గీతవాడు ప్రాణములకు తెగించి చెట్టెక్కి, గెలకొనను చెక్కి కుండ కట్టును. రాత్రి కారిన రసమును తెల్లవారకమునుపే దింపినచో నది తియ్యని నీరా. ప్రొద్దెక్కినకొలది నురుగెత్తి కల్లగును. కడుగని కుండయందలి మడ్డి, పాలకు తోడువలె, క్రొత్తరసమును త్వరగా పులియజేయును. కుండలోపల సున్నము పూసినచో పులియుట మందగించును. ఆంగ్లేయుల హాప్ పూవు చేయు పనిలో కొంత మన సున్నము చేయుచున్నదన్నమాట. కాని హాప్ కాచునది మద్యమునే. సున్నము కాచునది తీపిని. మాకు సున్నమే ఘనముగా తోచుచున్నది.

అమ్ముడుపోని నీరాను బెల్లముగా వండుట గీతవాని యిల్లాలి పని. సూర్యుడు నడినెత్తికి వచ్చు వేళ పొయ్యియెదుట గంటలకొలది కూర్చుండి కలియబెట్టవలెను. కట్టెలకు వెల పెట్టవలెను. కల్లునకైతే పొయ్యి యక్కరలేదు, కట్టె యక్కరలేదు. కాలమే దానిని తయారుచేయును, పైకమును చేతికి వచ్చును. అట్టిచో బెల్లము వండలేదని యామెను తప్పు పట్టుట మనకు తగునా? గాంధీమహాత్ముడు తాటిబెల్లమును ప్రోత్సహించెను. ఆ బెల్లమును కొనువారు మన యిండ్లలో నెందరు? పానకమునకును, పిల్లల చిరుతిండ్లకును అది చక్కగా పనికివచ్చును.

నీరా కొనువారు సూర్యోదయమునకు ముందే కొని, వడగట్టి, వెంటనే త్రాగవలెను. నాలుకపై చురుక్కుమన్నను, నురుగు కనబడినను పిల్లల కీయరాదు.